ముందు సీటు – పదకొండో భాగం: ఇసుక మలుపు

మా ఆయన మీద నాకు ఫిర్యాదులేమీ లేవు. ఉన్నా వినే నాథుడు లేడు కాబట్టి, లేవనుకోవడమే ఆరోగ్యానికి మంచిది. కొత్తగా పెళ్ళయిన మొగుళ్ళు మల్లెపూలు తెస్తారని కాలేజీలో స్నేహితురాళ్ళు చెప్పేవారు. జడ్సన్ గారు మంటలార్పే సిలిండర్ తెచ్చారు. ఎర్రగా, ముద్దుగా ఉండేది. ఇప్పటికీ మా పొయ్యి పక్కనే ఉంది. దానికి ఏటేటా తప్పకుండా చెకప్ చేయిస్తారు, నాకే ఎప్పుడూ తీరిక దొరకదు. కర్టెన్లు మార్చడానికి నేను స్టూలెక్కితే కింద ఎవరో ఒకరు దాన్ని పట్టుకోవాలి. పట్టుకున్న మనిషి బూట్లు వేసుకోవాలి. ఇంట్లో ఉండేది మేమిద్దరమే కాబట్టి, కర్టెన్లు మారే రోజున మా ఆయన లుంగీ మీద బూట్లు వేసుకుని నిలబడతారు. ఆ దృశ్యం కోసమే నేను కర్టెన్లు తరచూ మారుస్తుంటాను.

ఆయన ఇక్కడ గల్ఫ్‌లో, మెసయీద్ అనే ఊళ్ళో ఎరువుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. అక్కడ వేలమంది ఆయన మాట వింటారు. సాయంత్రం ఉమ్ ఘువైలినా పేటలో మా ఫ్లాట్‌కి చేరేసరికి వినడానికి నేనొక్కదాన్నే మిగులుతాను. వేలమందికి చెప్పింది నా ఒక్కదానికే చెప్తారు.

ఇక మన బండి సంగతి. కిందటివారం ఇండస్ట్రియల్ ఏరియాలో, వాడిన బండ్లు అమ్మిపెట్టే గయాజ్ భాయ్ షెడ్డులో, ఒక నీలం రంగు టూరింగ్ బండి మీద ఆగాం. మీదంటే నిజంగా మీదే. నేను ఎక్కి కూర్చున్నాను. రెండు పాదాలూ మడమలతో సహా నేలకి ఆనాయి. దూరప్రయాణాలకి చేసిన బండి, రెండు పక్కలా పెట్టెలు, ముందు గాలిని ఆపే అద్దం. దాని యజమాని ఉద్యోగం వదిలి కెనడా వెళ్ళిపోతున్నాడట. శుక్రవారం మధ్యాహ్నం అసర్ నమాజు దాకా మీకోసం ఆపుతాను, ఆ తర్వాత చూడ్డానికి ఇంకొకాయన వస్తున్నాడు అని గయాజ్ చెప్పాడు.

మా ఆయన షోరూములో వేరే బండి చూసుకున్నారు. తెల్లది, ఒంటెంత ఎత్తుది. దాని మీద కూర్చుంటే నా బొటనవేళ్ళు నేల కోసం గాల్లో వెతుక్కుంటాయి. నాకు బైక్ లైసెన్స్ వచ్చిన సంగతి ఆయనకి తెలుసు. ఆ లైసెన్స్‌తో నేను నిజంగానే బండి నడుపుతానన్న సంగతి మాత్రం ఇంకా ఆయన దాకా చేరలేదు. “వెనక సీటు చూశావా, ఆనుకోవడానికి దిండు కూడా ఉంది” అన్నారు ఆ షోరూములో, నాకేదో మేడ కట్టించినట్టు. దిండున్న సోఫా మన హాల్లోనే ఉంది కదండీ, దానికి పెట్రోలు కూడా పొయ్యక్కర్లేదు అన్నాను.

మేం కొనగలిగేది ఒక్క బండే. బిల్డింగ్ కింద మాకిచ్చిన చోటు కూడా ఒక్క బండికే. వచ్చే నెల సౌదీ సరిహద్దు దాటి అక్కడి అభా కొండల దాకా వెళ్ళాలని ఎప్పట్నుంచో ప్లాను. ఆ దారిలో నేను ముందు కూర్చుంటానా, ఇంకో పదేళ్ళు ఆయన వీపు చూస్తూ బతుకుతానా అన్నది ఈ శుక్రవారం అసర్‌లోపు తేలిపోవాలి.

పాత బండి ఏమైందో గుర్తుంది కదా. గత చలికాలం మెసయీద్ దాటాక, సీలైన్ బీచి వైపు తిరిగే మలుపులో పడ్డాం. బండిని బాగుచేయించడం కన్నా వదిలేసుకోవడమే నయం అన్నారు. నా కుడి మణికట్టు విరిగింది. ఆయన మోకాలు గీరుకుంది. ఎందుకు పడ్డామో మా చర్చిలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. సుసన్న ఆంటీ వెనక కూర్చుని కదిలింది, అందుకు పడ్డారు. నేను చేతికి కట్టుతో కూర్చుంటే, చూడ్డానికొచ్చిన ప్రతి ఒక్కరూ కమలాపళ్ళతో పాటు అదే సలహా తెచ్చారు. వెనక కూర్చున్నప్పుడు కదలకూడదమ్మా అని. కమలాపళ్ళు అయిపోయాయి. సలహా ఇంకా ఉంది.

నేను కదిలిన మాట నిజమే. ముందు రోడ్డు మీద, గాలికి కొట్టుకొచ్చిన ఇసుక పరుచుకుని కనపడింది. ఆయన భుజం మీద తట్టి, హెల్మెట్ మైకులో “ఇసుక” అన్నాను. మళ్ళీ అన్నాను. మళ్ళీ మళ్ళీ అన్నాను. తర్వాత ఆకాశం కనపడింది. హెల్మెట్ ఫోను బ్యాటరీ అయిపోయింది సుసన్నా, నువ్వన్నదేదీ నాకు వినపడలేదు, ఉన్నట్టుండి నువ్వు తట్టేసరికి తుళ్ళిపడ్డాను అని ఆయన ఆసుపత్రిలో చెప్పారు. నమ్మాను. బ్యాటరీల మీద ఎవరికి మాత్రం అధికారం ఉంది.

* * *

ఈ వారమంతా నేను ఇన్సూరెన్స్ కంపెనీలకి ఫోన్లు చేశాను. వంట చేస్తూ చేశాను కాబట్టి ఏ పాలసీ గురించి ఆలోచించినా నాకేదో ఒక కూర గుర్తొస్తుంది. అన్నిట్లోకీ చవకది థర్డ్ పార్టీ. మనం ఎవరినైనా గుద్దితే వాళ్ళ బండికి రిపేరు, మన బండికి ప్రార్థన. అది చేపల పులుసులో చింతపండు పిసుకుతూ విన్నాను, పిప్పితో పాటే పారేశాను.

మిగిలినవి రెండు, ఫుల్ ఇన్సూరెన్సులు. పైకి కవలపిల్లల్లా ఉన్నాయి. దొంగతనం, మంటలు, దారిలో ఆగిపోతే లారీ మీద ఎక్కించి తేవడం, అన్నీ రెండిట్లోనూ ఉన్నాయి. సౌదీ వెళ్ళాలంటే రెండిట్లోనూ సరిహద్దుకి ముందే వేరే కవర్ తీసుకోవాలి. రెండిటి మధ్య తేడా కోసం బెండకాయ వేపుడు మాడిపోయేదాకా వెతికాను. ఎక్కడో చివర, ఎవరూ అడగని చోట ఉంది. ఒకదాంట్లో పేరిచ్చిన ఆ ఒక్క రైడరూ నడిపితేనే పాలసీ పనిచేస్తుంది. రెండోదాంట్లో బైక్ లైసెన్స్ ఉన్న ఇంకొకరి పేరు చేర్చుకోవచ్చు, ఇద్దరిలో ఎవరు నడిపినా చెల్లుతుంది.

మా ఆయనకి మొదటిది నచ్చింది. ఎందుకండీ అంటే, సింపుల్‌గా ఉంది అన్నారు. నా కాళ్ళందని బండి, నా పేరుండని పాలసీ. ముందు గుమ్మానికీ వెనక గుమ్మానికీ తాళాలు వేసి, నిన్నెవరు ఆపారు సుసన్నా, వెళ్ళిరా అన్నట్టుంది ఆయన వ్యవహారం.

నేను పోట్లాడలేదు. పోట్లాడితే ఆయన నన్ను శాంతింపజేస్తారు, అది భరించడం ఇంకా కష్టం. రెండో కంపెనీలో నాతో మాట్లాడే సయీదా అనే అమ్మాయికి ఫోన్ చేసి, శుక్రవారం మధ్యాహ్నం మేం భోజనాలకి కూర్చున్నప్పుడు కాల్ చెయ్యమన్నాను. సయీదాది బోధన్. సెలవురోజు డ్యూటీ ఆమెదే. భోజనాలప్పుడు ఎందుకు మేడమ్, సార్‌కు కోపం వస్తదేమో అని సందేహించింది. అప్పుడైతే సార్ పారిపోలేరమ్మా అని చెప్పాను.

ఆ భోజనానికి ఆండ్రూ గారినీ తెరెసా అక్కనీ పిలిచింది కూడా నేనే. ఆండ్రూ గారు మా తెలుగు సంఘంలో పెద్ద. తెరెసా అక్క ఆయన భార్య, మా సంఘానికి వార్తాపత్రిక. “సుసన్న కదిలింది” అనే వార్త ఆవిడ ద్వారానే ఊరంతా చేరింది. ఏ వార్తయినా ఏ దారిన వెళ్ళిందో ఆ దారినే తిరిగి రావాలని నా కోరిక.

* * *

ఇక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి ఆరాధన కూడా ఆ రోజే, ఇద్దరూ చర్చి నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చారు. రొయ్యల వేపుడు, కోడి కూర, గోంగూర. వడ్డించాక ఆండ్రూ గారు ప్రార్థన మొదలెట్టారు. ఆండ్రూ గారి ప్రార్థనలో దేవుడికి తెలియని విషయాలు చాలా ఉంటాయి. ప్రభువా, నీ కుమారుడు జడ్సన్ కొత్త వాహనం కొనబోతున్నాడు, ఆ తెల్ల వాహనాన్ని ఆశీర్వదించు అన్నారు. రంగు కూడా చెప్పారంటే ఇద్దరూ చర్చి పార్కింగులోనే మాట్లాడుకున్నారన్నమాట. నీ కుమార్తె సుసన్నకి నెమ్మదిగల మనసు దయచెయ్యి, వెనక కూర్చున్నప్పుడు కదలని మనసు దయచెయ్యి అని కూడా అన్నారు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. తెరెసా అక్క కూడా ఒక కన్ను తెరిచి నన్ను చూస్తోంది. ఇద్దరం మూసేసుకుని ఆమెన్ అన్నాం.

సరిగ్గా రొయ్యల గిన్నె ఆండ్రూ గారి దగ్గరికి చేరేసరికి ఫోన్ మోగింది. నా చేతికి గోంగూర అంటుకుంది కదా, ఏం చెయ్యను, చిటికెనవేలితో స్పీకర్ నొక్కి టేబుల్ మధ్యలో పెట్టాను.

సయీదా నమస్తే చెప్పి, ఈ కాల్ రికార్డ్ అవుతుందని చెప్పింది. అది వాళ్ళ రూలు. తర్వాత, బండి ఏదైనా సరే, ముందు రైడర్ల వివరాలు కావాలంది. మెయిన్ రైడర్ ఎవరని అడిగింది.

“నేనే,” అన్నారు మా ఆయన. “ఇంకెవరూ లేరు.”

“నేనున్నాను,” అన్నాను.

ఆయన నవ్వారు. అతిథుల ముందు నవ్వే నవ్వు ఒకటుంది, పెదాలు మాత్రమే కదులుతాయి. మా మిసెస్ సరదాకి లైసెన్స్ తీసుకుందమ్మా, గత అనుభవాన్ని బట్టి ఆవిడ పేరు చేర్చడం అంత క్షేమం కాదు అని ఫోనుకి వివరించారు. ఆండ్రూ గారు రొయ్య నములుతూ తలాడించారు.

గత అనుభవం అనేసరికి సయీదా చెవులు నిక్కబొడుచుకున్నాయి. అదే ఆమె ఉద్యోగం మరి. ఇంతకు ముందు యాక్సిడెంట్ అయిందా, అప్పుడు బండి ఎవరు నడిపారు, కారణమేంటని అడిగింది.

“నేనే నడిపాను. వెనక కూర్చున్నావిడ కదిలింది.”

అవతల కీబోర్డు టకటకలు వినపడ్డాయి, ఆగాయి.

“గట్ల రాయనీకి మా దగ్గర ఏం లేదు సార్,” అంది సయీదా, పాపం చాలా మర్యాదగా. “మీ తప్పా, ఎదుటోళ్ళ తప్పా, గంతే. ఎదుట బండి ఉండెనా?”

ఎదుట బండి లేదు. ఎదుట ఇసుక ఉంది. ఇసుక మీద కేసు పెట్టలేం. మా ఆయన గొంతు సవరించుకుని, ఇది అంత తేలిగ్గా తేలే విషయం కాదు, దీన్ని శాస్త్రీయంగా చూడాలి అన్నారు. ఆ మాట కోసమే నేను వారం రోజులుగా ఎదురుచూస్తున్నాను.

మా ఆయన ఫ్యాక్టరీలో ఒక పద్ధతుంది. ఏ చిన్న ప్రమాదం జరిగినా మనిషిని తిట్టకూడదు. ఎందుకు జరిగింది అని అడగాలి. వచ్చిన జవాబుకి మళ్ళీ ఎందుకు అని అడగాలి. ఇక ముందుకు వెళ్ళడానికి దారి లేకుండా పోయేదాకా ఎందుకు, ఎందుకు అంటూ పోవాలి. అప్పుడు అసలు కారణం అడుగున దొరుకుతుందట, బావిలో పడ్డ చేంతాడులా. ఈ పద్ధతంటే ఆయనకి ప్రాణం. కార్మికులని తెల్లవారుజామున ఎండెక్కకముందే నిలబెట్టి నేర్పుతారు. చర్చిలో పిల్లల క్లాసులో కూడా నేర్పారు. ఏదెనులో ఆదాము పండు ఎందుకు తిన్నాడు అని మొదలుపెట్టి ఎందుకు ఎందుకు అంటూ పోతే, పిల్లలు చివరికి సృష్టికర్త దగ్గర తేలారు. ఆండ్రూ గారే వచ్చి క్లాసు ఆపించారు.

“మీ పద్ధతిలోనే చూద్దామండీ,” అన్నాను. “అన్నయ్యగారూ అక్కా ఉన్నారు. సయీదా కూడా వింటోంది. ఎందుకు పడ్డాం?”

ఆయన నా వైపు అనుమానంగా చూశారు. కానీ పద్ధతి ఆయనది. తన పద్ధతిని తను కాదనలేరు, అందులోనూ సంఘపెద్ద ముందు.

“బండి జారింది,” అన్నారు.

“ఎందుకు?”

“ఇసుక మీద ముందు బ్రేకు గట్టిగా పట్టాను.”

“ఎందుకంత గట్టిగా పట్టాల్సొచ్చింది?”

“స్పీడెక్కువైంది.”

తెరెసా అక్క చెయ్యి అన్నంలోనే ఆగింది. స్పీడు సంగతి ఆవిడ దాకా వచ్చిన వార్తలో లేదు.

“ఇసుక ముందుంటే స్పీడెందుకు తగ్గించలేదు?”

“నేను చూళ్ళేదు సుసన్నా. ఎండ కళ్ళల్లో పడుతోంది. నాకెవరూ చెప్పలేదు.”

“నేను చెప్పాను.”

“నువ్వు చెప్పావనే అంటున్నావు, కాదనట్లేదు. నాకు వినపడలేదు. ఎన్నిసార్లు చెప్పాలి, హెల్మెట్ ఫోను బ్యాటరీ అయిపోయింది. అదీ అసలు కారణం. బ్యాటరీ.” ఆయన చేతులు తుడుచుకున్నారు. అడుగు తగిలిందన్న తృప్తి మొహంలో కనపడింది. తెల్లబండిలో హెల్మెట్ ఫోనుకి బండి మీదే ఛార్జింగ్ పెట్టుకునే వీలుందని, అందుకే అదే కొంటున్నామని కూడా కలిపారు. దొంగని పట్టుకోవడానికి వెళ్ళి దొంగకే ఓటేసి వచ్చినట్టయింది నా పరిస్థితి.

అప్పుడు ఆండ్రూ గారు మాట్లాడారు. ఆయన నోట్లో ఇంకా రొయ్య ఉంది. ఏ దురుద్దేశమూ లేదు, పాపం. సాయం చేస్తున్నాననే అనుకున్నారు.

“బ్యాటరీ అయిపోవడమేంటి బ్రదర్? మీరు నాతోనే కదా మాట్లాడుతున్నారు.”

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

ఎప్పుడు, అన్నాను. నా గొంతు నాకే నెమ్మదిగా వినపడింది.

ఆండ్రూ గారు చెప్పుకుపోయారు. ఆ రోజు పొద్దున్న చర్చిలో పాటలు పాడే క్వయరు వాళ్ళకి బస్సు దొరకలేదని జడ్సన్ బ్రదర్‌కి ఫోన్ చేశారు. బండి మీద ఉన్నాను, ఫర్వాలేదు, హెల్మెట్‌లో వినపడుతోంది, చెప్పండి అన్నారట. బస్సు సంగతి మాట్లాడుతుండగా వెనకనుంచి ఆడమనిషి గొంతు లీలగా వినపడిందట. ఏమందో ఆయనకి తెలియలేదు. జడ్సన్ బ్రదర్ మాత్రం నవ్వి, “ఇదిగో మా ఆవిడ మొదలెట్టింది బ్రదర్, ఇప్పుడు చూడండి” అన్నారట. బండి మోత పెరిగిందట. తర్వాత ఏదో చప్పుడై లైను పోయింది. సిగ్నల్ పోయిందనుకున్నారు ఆండ్రూ గారు. ఆ సాయంత్రమే, ఏలూరు వెళ్ళడానికి ఒక్కరే విమానం ఎక్కేశారు, సెలవు మీద. తిరిగొచ్చేసరికి సంగతంతా ఊరికి తెలిసిపోయి ఉంది, ఎవరూ ఆయన్ని ఏమీ అడగలేదు. బ్యాటరీ కథ ఆయన చెవిన పడటం ఇదే మొదటిసారి.

చెప్పడం పూర్తయ్యాక గానీ తనేం చెప్పారో ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యాక గ్లాసెత్తి చాలాసేపు నీళ్ళు తాగారు.

“మీరు బండి నడిపే మనిషితో ఫోన్లో మాట్లాడారా?” తెరెసా అక్క మొగుణ్ణి అడిగింది. “ఈ పిల్ల చెయ్యి విరిగితే, ఊర్నుంచి తిరిగొచ్చి మళ్ళీ నన్నే పంపి కదలొద్దని చెప్పించారా?” ఆవిడ గొంతులో నా మీద జాలి ఎంతుందో తెలియదు గానీ, ఇన్నాళ్ళూ తప్పు వార్త మోసుకు తిరిగానన్న కోపం మాత్రం నిండా ఉంది.

నేను మా ఆయన్ని చూశాను. మొహంలో రంగు లేదు. నాకు ఇప్పుడర్థమైంది. నా చెయ్యి విరిగినందుకు కాదు ఆయన బ్యాటరీని అడ్డు పెట్టుకుంది. మెసయీద్‌లో ఆయన ఫ్యాక్టరీ గేటు మీద, రోజూ లోపలికి వెళ్ళేవాళ్ళందరికీ కనపడేలా, తప్పితే ఉద్యోగం పోయే నియమాలు రాసి ఉంటాయి. బండి నడుపుతూ ఫోన్ మాట్లాడకూడదన్నది వాటిలో అన్నిటికన్నా పైన ఉంటుంది. దాన్ని తప్పినందుకు నిరుడు ఒక డ్రైవర్ని ఇంటికి పంపించింది ఈయనే. ఆ రాత్రి అన్నం తినలేదు. నియమం నియమమే సుసన్నా, అది నాకైనా అంతే అన్నారు. ఆ మాట అన్న మనిషి, నెల తిరక్కుండా, నా వేలు భుజం మీద పడుతుండగా చర్చి పెద్దతో బస్సు గురించి మాట్లాడుతూ, నన్నుడికించడానికి యాక్సిలరేటర్ తిప్పారు.

నాకు ఏడుపు రావాలి. రాలేదు. నాకు మా నాన్న రాజ్‌దూత్ మోటారు సైకిలు గుర్తొచ్చింది. భీమవరంలో బీఎస్సీ చదివే రోజుల్లో, మా వీధి చివర చెరువుగట్టు మీద నాన్న నాకు దాన్ని నేర్పారు. ఆయన వెనక కూర్చునేవారు. నేను తప్పు గేరు వేస్తే ఏమీ అనేవారు కాదు. “వెనకోడు చెప్పేది వినడానికే అమ్మా ముందోడికి చెవులిచ్చింది” అనేవారు. ముప్పై కిలోమీటర్ల అవతల నరసాపురం దాకా, ఊరంతా వింతగా చూస్తుంటే, నాన్నని వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళాను. ఒక్కసారి కూడా పడలేదు. పెళ్ళయ్యాక ఆ సంగతి ఈయనకి ఎన్నోసార్లు చెప్పాను. అది కూడా బ్యాటరీ లేనప్పుడే చెప్పినట్టున్నాను.

“ఇంకొక్క ఎందుకు మిగిలిందండీ,” అన్నాను. “మీ పద్ధతిలో మధ్యలో ఆపకూడదు కదా.”

ఫోన్లోంచి సయీదా దగ్గింది. ఆమె ఉందన్న సంగతే మేమంతా మర్చిపోయాం.

“సార్, ఈ కాల్ రికార్డ్ అయితుంది,” అంది, చాలా మెల్లగా. “కట్ చేసి మళ్ళ చెయ్యమంటే చేస్త. తర్వాత చెప్పొచ్చు మీరు. ఏం ఫికర్ లేదు.”

మంచి పిల్ల. తప్పించుకోవడానికి తలుపు తెరిచి పెట్టింది. ఆయన చెయ్యి టేబుల్ మీదుగా ఫోను దాకా వెళ్ళింది. ఎర్ర బటన్ మీద వేలు నిలబడింది. ఆండ్రూ గారు దాని వైపు ఆశగా చూస్తున్నారు. కట్ చెయ్యండి బ్రదర్, మన ఇంటి మాటలు మనం మాట్లాడుకుందాం అని కూడా గొణిగారు.

నేను ఆ ఫోన్ లాక్కోవచ్చు. కట్ చెయ్యమనీ అనొచ్చు. ఆ ఉద్యోగం మా ఇద్దరి అన్నం, ఆ సంగతి నాకు తెలుసు. మా వీసాలూ, ఈ ఇల్లూ, పొయ్యి పక్కన సిలిండరూ అన్నీ దాని మీదే ఉన్నాయి. కానీ నా చెయ్యి విరిగిన రోజు నుంచి నేను మోస్తున్నది ఆయన ఉద్యోగం కాదు, ఆయన అబద్ధం. అది నా పేరు మీద ఊరంతా తిరిగింది. పిల్లల క్లాసులో కూడా కూర్చుంది. దాన్ని దించడానికి ఇంకొకరి సాయం నాకక్కర్లేదు, దించాల్సింది ఎత్తినవాళ్ళే.

అందుకని నేను ఆయన్ని చూస్తూ కూర్చున్నాను. ఈసారి అస్సలు కదల్లేదు.

అప్పుడే ఫోన్ తెర మీద ఇంకో కాల్ వచ్చి వెలిగింది. గయాజ్. కిటికీ బయట, మసీదులో అసర్ పిలుపు మొదలైంది. తెర మీద ఆ పేరు వెలుగుతూ ఆరుతూ ఉంది. తీస్తే సయీదా లైను ఆగుతుంది. తియ్యకపోతే నీలం బండి ఇంకొకాయనది అవుతుంది. మా నలుగురి కళ్ళూ ఆ పేరు మీదే ఉన్నాయి. ఎవరూ తియ్యలేదు. కాసేపటికి అది దానంతటదే ఆరిపోయింది.

మా ఆయన వేలు ఎర్ర బటన్ మీంచి తీసేశారు. ఫోన్‌ని తన వైపు కొంచెం జరుపుకున్నారు, వినపడదేమోనన్నట్టు.

“కట్ చెయ్యకమ్మా,” అన్నారు. “రికార్డ్ కానివ్వు. యాక్సిడెంట్ కారణం అడిగావు కదా, చెప్తున్నాను రాసుకో.” నా వైపు చూడలేదు. నా కుడి మణికట్టు వైపు చూశారు. “బ్యాటరీ బాగానే ఉంది. నేను ఫోన్లో ఉన్నాను. తను ‘ఇసుక’ అన్న ప్రతిసారీ నాకు వినిపించింది. విని, కావాలనే స్పీడు పెంచాను. సుసన్న తప్పేం లేదు. తప్పు నాది.”